ట్యాంకు మూతకు పసుపు

విజయదశమి వెళ్ళిన మర్నాడు వెంకటప్పయ్య వేసుకున్న పథకం చాలా సులువైనది. ఆరున్నరకు క్యాంపులో లారీ ఎక్కడం, ఎనిమిదికల్లా బళ్ళారి చేరడం, తొమ్మిదికి బ్రేకు ఇన్‌స్పెక్టరుకు బండి చూపించి సంతకం తీసుకోవడం, పదింటికి కౌల్ బజారులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినడం, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండటం. ఇందులో ఆయన అనుకున్నట్టు జరిగింది ఒక్కటే, లారీ ఎక్కడం. అదైనా ఏడున్నరకు.

తుంగభద్ర కాలువకు నీళ్ళు వదిలిన కొత్తలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, కప్పగల్లుకు అవతల క్యాంపు వేసుకుని, జొన్న తప్ప ఎరగని నేలలో వరి పండించినవాళ్ళలో ఆయన ఒకడు. వడ్లు బజారుకు తోలడానికి ఒక పాత డీజిల్ లారీ కొన్నాడు. అది యుద్ధకాలంలో ఓడ దిగి, కూరెకుప్ప వైపు గనుల్లో పదేళ్ళు రాళ్ళు మోసి, చివరికి వడ్ల బస్తాల దగ్గర విశ్రాంతికి వచ్చిన బండి. బండితో పాటు దాని డ్రైవరు హులిగప్ప కూడా వచ్చాడు. గనుల కంట్రాక్టరు బండిని అప్పజెప్పిన రోజున హులిగప్ప సీటు మీంచి దిగలేదు. దిగమని ఎవరూ అనలేదు. అలా ఆరేళ్ళు గడిచాయి.

ఇప్పుడు దిగమనే రోజు వచ్చింది. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇన్‌స్పెక్టరు ఏటా ఒక కాగితం ఇస్తాడు. పోయిన రెండేళ్ళూ ఆయన ఆ కాగితాన్ని నిట్టూరుస్తూ ఇచ్చాడు. ఈసారి ఇవ్వడని వెంకటప్పయ్యకు గట్టి నమ్మకం. అందుకని కౌల్ బజారులో పాత ఇనుము కొనే పక్కీరప్పకు ముందే మాట ఇచ్చేశాడు. కాగితం రాకపోతే ఆ సాయంత్రమే బండి పక్కీరప్ప సుత్తుల కిందికి పోతుంది. యాభై దాటిన హులిగప్పను కొత్త లారీలవాళ్ళు ఎవరూ పిలిచి పనివ్వరు. ఈ సంగతి హులిగప్పకు తెలుసు. తెలిసిన దగ్గర నుంచి అతను మీసం నూనె రాసి పైకి దువ్వుతున్నాడు.

"బండికేమైందని సామీ అమ్మేది? సుమ్నె, ఊరికే పేరు పెడతాండారు దానికి. నేను పాసు చేపిచ్చి తెస్తా సూడండి" అన్నాడు.

"తెస్తే సంతోషమేనయ్యా. నాకేమన్నా దాని మీద పగా?" అన్నాడు వెంకటప్పయ్య.

అమ్మడానికి ఇంకో సంతకం కూడా కావాలి. లారీ వెంకటప్పయ్య భార్య హనుమాయమ్మ పేరున ఉంది. పుట్టింటివారు ఇచ్చిన పొలం అమ్మి కొన్నది కనుక అది ఆమెదే. "కాగితం రానివ్వండి, రాకపోనివ్వండి. రాకపోతేనే అమ్మకం మీద నా వేలిముద్ర పడేది. వస్తే ఆ మాట మళ్ళీ నా దగ్గర ఎత్తకూడదు" అని ఆమె షరతు పెట్టింది. బండి యజమానురాలిగా పరీక్ష దగ్గర ఉండాలని, ఉతికిన చీర కట్టుకుని, ఆమె కూడా ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

బండిని తన వంతు సిద్ధం కూడా చేసింది. ఆయుధపూజ రోజున హులిగప్ప తన ఆచారం ప్రకారం బానెట్టుకు మూడు విభూతి గీతలు పెట్టి, గుమ్మడికాయ పగలగొట్టి, అయిందన్నాడు. హనుమాయమ్మకు అది పూజలా కనిపించలేదు. వాళ్ళ వైపు పండగంటే ముందు గడపకు పసుపు రాస్తారు. లారీకి గడప ఏదని ఆమె చుట్టూ తిరిగి చూసింది. తలుపుల కింద మెట్టుంది గాని దాని మీద అందరూ కాలు పెడతారు. చివరికి పక్కన డీజిల్ ట్యాంకు, దాని మీద గుండ్రటి ఇత్తడి మూత కనిపించాయి. బండి తిండి తినేది ఇటేగదా అనుకుంది. ఉత్త పసుపు ఇనుము మీద నిలవదని, గంజిలో చిక్కగా కలిపి, మూత అంచు దాకా మెత్తి, మధ్యలో రూపాయంత కుంకుమ బొట్టు పెట్టింది. రెండు రోజుల ఎండకు అది సున్నంలా బిగుసుకుంది. పూజ చేసిన పసుపును తుడిచే ధైర్యం హులిగప్పకు లేదు. వెంకటప్పయ్యకు అసలే లేదు.

నాలుగు మైళ్ళు బండి బుద్ధిగా నడిచింది. అయిదో మైలులో ఇంజను గొంతు పైకి పోయి, కిందికి దిగి, మళ్ళీ పైకి పోసాగింది. హులిగప్ప గేరు తీసి చూశాడు. అంతవరకు గుర్రు గుర్రుమని ఒకే పాట పాడే బండి ఇప్పుడు రెండు పాటలు కలిపి పాడి, మూడోది ఎత్తుకోబోయి, ఆగిపోయింది.

వెంకటప్పయ్యకు లారీ గురించి ఒక్కటే తెలుసు. డీజిల్ ఉంటే నడుస్తుంది, లేకపోతే నడవదు. అందుకోసం సీటు వెనక ఒక కందికట్టె దాచుకున్నాడు. బండి ఆగగానే కట్టె పట్టుకుని ట్యాంకు దగ్గరకు నడిచాడు.

హులిగప్పకు మండిపోయింది. "పొద్దున్నే కదా సామీ నిండా పోసింది! నాలుగు మైళ్ళకే నేను తాగేసినానా?"

"చూడ్డంలో తప్పేముందయ్యా."

"సూసుకోండి. మీ కట్టె మీరు ముంచుకోండి. నా ఇంజను నేను సూసుకుంటా" అని అతను ట్యాంకు వైపు వీపు తిప్పి బానెట్టు ఎత్తాడు.

వెంకటప్పయ్య పసుపు రాలకుండా జాగ్రత్తగా మూత తిప్పాడు. అది 'ఉస్' మంది. పెద్ద బండి గదా, పెద్దగానే ఊపిరి తీస్తుందనుకున్నాడు. కట్టె ముంచి చూస్తే ట్యాంకు నిండుగానే ఉంది. మూత మళ్ళీ బిగించాడు.

ఆ మూతలో ఆవగింజంత రంధ్రం ఒకటి ఉంటుంది. లోపల డీజిల్ తగ్గుతున్నకొద్దీ ఆ చోటికి బయటి గాలి పోవడానికి. గాలి పోకపోతే ట్యాంకు డీజిల్‌ను వదలదు. పంపు ఎంత పీల్చినా ఇంజనుకు చుక్క అందదు. గంజి పసుపు ఆ రంధ్రాన్ని మూసేసింది. మూత తీసిన ప్రతిసారీ ట్యాంకు గాలి పీల్చుకుంటుంది, మరి నాలుగు మైళ్ళకు సరిపడా. ఈ సంగతి తెలిసి ఉండవలసిన హులిగప్ప అటు తిరగనే లేదు.

అతను పంపు మీది మర వదులు చేసి, చేతి పంపు టకటక కొట్టి, బుడగలు పోయేదాకా డీజిల్ కార్చి, మర బిగించాడు. స్టార్టు చేస్తే ఇంజను హాయిగా అందుకుంది.

"సూసినారా! గాలి పట్టిండాది, అంతే. బండికేం కాలే" అని మీసం దువ్వాడు. వెంకటప్పయ్య, డ్రైవరు వీపు ఎండకు కాలుతోందని అంతసేపూ పట్టిన గొడుగును మెల్లగా మడిచాడు. అది హులిగప్ప చూడలేదు.

కప్పగల్లులో మళ్ళీ అదే పాట. బండి సరిగ్గా జంబన్న ఇంటి ముందు ఆగింది. జంబన్న ఆ చుట్టుపక్కల పొలాల్లో నీళ్ళు తోడే ఆయిలింజన్లు బాగుచేస్తాడు. ఏ ఇంజను దగ్గినా అతని చెయ్యి దురద పెడుతుంది.

"ఏమప్పా హులిగప్పా, ముసలిది మొండికేసిండాది?"

"ముసలిదంటే పండ్లు రాలగొడతా. గాలి పట్టింది."

"గాలి కాదు, గీలి కాదు. నాజిళ్ళు కక్కతాండాయి. జరుగు" అని జంబన్న స్పానరుతో దూకాడు. డీజిల్‌ను సిలిండర్లలోకి చిమ్మే నాజిళ్ళ గొట్టాలను ఒక్కొక్కటే వదులు చేసి, తల పక్కకు వంచి చూసి, ముక్కుతో వాసన పట్టి, మళ్ళీ బిగించాడు. అలా చేస్తున్నంతసేపూ హులిగప్ప అతని చెయ్యి కనిపెట్టుకునే ఉన్నాడు. చివరికి జంబన్న, బండి నిలబడినప్పుడు ఇంజను ఎంత మెల్లగా తిరగాలో చెప్పే చిన్న స్క్రూను రెండు చుట్లు బిగించాడు. "ఇప్పుడు ఆగమన్నా ఆగదు."

ఈలోగా వెంకటప్పయ్య కట్టె పని ముగించి మూత పెట్టేశాడు.

స్టార్టు చేయగానే ఇంజను రంకె వేసింది. కోళ్ళు గోడ ఎక్కాయి. జంబన్న గర్వంగా చేతులు తుడుచుకుని, ఇంట్లోంచి చెంబుడు మజ్జిగ తెప్పించి ముందుగా హులిగప్పకే ఇచ్చాడు. తిట్టుకున్న మనిషికి ముందు మజ్జిగ ఇవ్వడం అతని పద్ధతి. తర్వాత తానూ లారీ ఎక్కాడు.

"నువ్వెందుకయ్యా?" అన్నాడు వెంకటప్పయ్య.

"ఇన్‌స్పెక్టరు, రిపేరీ చేసింది ఎవరని అడుగుతాడు గదా సామీ. చెప్పేకి మనిషి ముందరుండాల."

"నేను పసుపు రాశాను కనక ఇంతదూరమైనా వచ్చింది. లేకపోతే క్యాంపు దాటేది కాదు" అంది హనుమాయమ్మ.

కౌల్ బజారు మధ్యలో, అటు రెండు జట్కాలు, ఇటు ఒక పత్తి బండి వచ్చిన చోట, లారీ మూడోసారి ఆగింది. జట్కావాళ్ళు అరిచారు. సైకిళ్ళవాళ్ళు గంటలు కొట్టారు. పరీక్షకు పోతున్న లారీ అని తెలిశాక, దారి మూసినందుకు తిట్టినవాళ్ళే సలహాలివ్వడానికి దిగారు. ఒకాయన నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టాడు.

లారీ పంపుల మేస్త్రి ఆంజినప్ప దుకాణం ఆ మలుపులోనే ఉంది. అతను ముందు జనాన్ని తోసి, తర్వాత జంబన్నను తోసి, బానెట్టు కింద తల పెట్టాడు.

"ఎవురప్పా ఈ స్క్రూ తిప్పింది?"

"నేనే. ఏం?" అన్నాడు జంబన్న.

"నీళ్ళ ఇంజనుకూ లారీకీ ఫరక్ తెల్దా నీకు? అది బావి గట్టు మీద పనుకుని తిరిగేది. ఇది దేశాలు తిరిగేది."

"తిరిగే ఇంజను యాడున్నా ఇంజనే."

"అయితే నీ బావిలోనే తిప్పుకోపో."

హులిగప్ప ఇద్దరి మధ్యలోకి వచ్చాడు. "ఇద్దరూ నోరు మూయండప్పా. ఇంజనుకు ఏమీ కాలే! పదహారేళ్ళాయ నేను దీన్ని తోలబట్టి. దీని గొంతు నాకు తెల్దా? దీనికి ఆకలైతాండాది, అంతే."

నిజానికి ఆ రోజు బానెట్టు దగ్గర ఎవరైనా అన్నవాటిలో అదొక్కటే సరైన మాట. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అన్నవాడు కూడా పట్టించుకోలేదు.

ఆంజినప్ప పంపు పక్కన సన్నటి తీగను వేలితో మీటాడు. డ్రైవరు ముందున్న గుండ్రటి పిడి లాగితే ఆ తీగ పంపుకు డీజిల్ మూసేస్తుంది, ఇంజను ఆగుతుంది. "ఇదో దొంగ! ఈ తీగ బిగిసి దానంతటదే గొంతు పిసుకుతాంది. అందుకే సస్తాండాది." అని తీగ కొసన ఉన్న క్లిప్పు పీకాడు. క్లిప్పు చేతిలోంచి ఎగిరి, మోరీలో పడి, నల్లటి నీళ్ళలో మాయమైంది. తీగ కొస వేలాడింది. "పోనీ లే. లేకుంటేనే మేలు" అన్నాడు.

వెంకటప్పయ్య యథాప్రకారం మూత తీసి, 'ఉస్' మనిపించి, కట్టె ముంచి, మూత పెట్టాడు. బండి స్టార్టయింది. ఆంజినప్పకు చప్పట్లు పడ్డాయి. నిమ్మకాయలాయన తన వంతు కూడా అందులో ఉందని పక్కవాళ్ళకు చెప్పుకున్నాడు. ఆంజినప్ప దుకాణానికి గోనె పరదా దించి, జంబన్న పక్కన ఎక్కి కూర్చున్నాడు. ముఖం మాత్రం అటు తిప్పుకున్నాడు.

పరీక్షలు కోట గుట్ట కింది మైదానంలో జరుగుతాయి. వేపచెట్టు నీడలో ఇన్‌స్పెక్టరు బల్ల, కుర్చీ, సిరాబుడ్డి ఉంటాయి. లారీని తెచ్చి బల్లకు ఎదురుగా నాలుగు గజాల దూరంలో నిలబెట్టారు. వరసలో దానికంటే ముందు పరీక్ష కావలసిన బస్సులు ఇంకో రెండున్నాయి. ఆపితే మళ్ళీ అందుకుంటుందో లేదోనన్న భయంతో హులిగప్ప ఇంజనును తిరుగుతూనే ఉంచాడు. ఆ ఉదయం నుంచి ఆ బండిని ఆపవలసిన అవసరం ఎవరికీ రాలేదు. అదే ఆగుతూ వచ్చింది.

పక్కీరప్ప అప్పటికే అక్కడున్నాడు. నమస్కారం పెట్టి, జేబులోంచి సుద్దముక్క తీసి, లారీ చుట్టూ తిరిగాడు. కొయ్యవలసిన చోట్ల గీతలు, విప్పవలసిన చోట్ల సున్నాలు పెడుతున్నాడు. తలుపు మీద గీత పెట్టేసరికి లోపలి నుంచి హనుమాయమ్మ దిగింది.

"చెయ్యి తియ్యి. ప్రాణంతో ఉండగానే కొలతలా?"

"అట్లకాదమ్మా, సాయంత్రం పని తొందరగా..."

"సాయంత్రం సంగతి సాయంత్రం. ఇప్పుడిది నాది. నీ సుద్ద ఇంకొక్కసారి దానికి తగిలితే నీ చొక్కా మీద రాస్తా."

పక్కీరప్ప సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. హులిగప్ప స్టీరింగు మీంచి చూసి, ఆరేళ్ళలో మొదటిసారి ఆమెకు తలవంచాడు.

ఇన్‌స్పెక్టరు శ్రీమన్నారాయణ లారీ దగ్గరకు వచ్చేసరికి పదకొండయింది. ఆయన సన్నగా, పొడుగ్గా ఉంటాడు. లంచం పుచ్చుకోడని పేరు. అంతకంటే కష్టమైన పేరు, ఫారంలో ఒక్క గడి కూడా ఖాళీగా వదలడని.

"దీపాలు?" వెలిగాయి. "హారన్?" మోగింది. ఆయన గడుల్లో రాసుకుంటూ ఇంజను వైపు చెవి పెట్టాడు. "నిలబడి ఉన్న బండి ఇంజను ఇంత అరవకూడదు. పది నిమిషాలు ఒకేలా, మెల్లగా తిరగాలి. అది చూస్తేగాని సంతకం పెట్టను."

ఆ మాట ముగిసిందో లేదో ఇంజను మొదటి పాట వదిలి రెండోది అందుకుంది. పైకి పోయింది, కిందికి పడింది.

"నాజిల్!" అని జంబన్న దూకాడు. "పంపు!" అని ఆంజినప్ప దూకాడు. ఒకే బానెట్టు కింద రెండు తలలు ఢీకొన్నాయి. హులిగప్ప యాక్సిలేటరు మీద కాలితో, పళ్ళ బిగువుతో, దాన్ని చావకుండా పట్టుకున్నాడు. పక్కీరప్ప జేబులో చెయ్యి పెట్టాడు. వెంకటప్పయ్య కట్టె తీసుకుని ట్యాంకు దగ్గరకు పరుగెత్తాడు. హనుమాయమ్మ చేసేదేమీ లేక ఆయన వెంట వెళ్ళింది.

ఆయన మూత తిప్పాడు. 'ఉస్' మంది. రెండు క్షణాలకు ఇంజను గొంతు సర్దుకుంది.

బానెట్టు కింద ఇద్దరు మేస్త్రీలూ ఇంకా నెత్తి రుద్దుకుంటున్నారు. ఇద్దరి స్పానర్లూ ఇంకా దేనికీ తగల్లేదు. ఆ సంగతి హనుమాయమ్మ చూసింది.

"ఏమండీ, ఆ ఉస్సేమిటి?"

"ఎప్పుడూ అంటుందే. మూత తీసినప్పుడల్లా."

"పొద్దుటి నుంచీనా?"

"ఆఁ. పొద్దున మూడుసార్లు అంది. ఇది నాలుగోది."

హనుమాయమ్మ మూత చేతిలోకి తీసుకుంది. పసుపు వైపు చూసింది, తిరగేసి లోపలి వైపు చూసింది. లోపల చిన్న రంధ్రం ఉంది, పైన లేదు. ఇంట్లో కొత్త కిరసనాయిలు డబ్బా తెచ్చినప్పుడల్లా ఆమె మేకుతో రెండు చిల్లులు పెడుతుంది, ఒకటి నూనె పోయడానికి, ఒకటి గాలి పోవడానికి. ఒకటే పెడితే డబ్బా తలకిందులు చేసినా గుటక గుటకగా దిగి నిలిచిపోతుంది. వంటింట్లో కాలు పెట్టిన ఏ ఆడదానికైనా తెలిసిన సంగతి అది. ఆమె కొప్పులోంచి పిన్ను లాగి, కుంకుమ బొట్టు నడినెత్తిన గుచ్చి, అటూ ఇటూ తిప్పింది. పప్పుబద్దంత పసుపు బిళ్ళ ఊడి కింద పడింది. మూత కంటి దగ్గర పెట్టుకుని చూస్తే అవతల కోట కనిపించింది.

"బానెట్టు దించండయ్యా! మీ నాజిళ్ళూ వద్దు, మీ పంపులూ వద్దు. దీని ముక్కు మూసుకుపోయింది, అంతే" అని మూత బిగించింది.

సంగతి అర్థమయ్యాక మేస్త్రీలిద్దరూ స్పానర్లు జేబుల్లో వేసుకున్నారు. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు సర్దుకుని అడిగాడు. "పసుపు ఎవరమ్మా పూసింది?"

వెంకటప్పయ్య భార్యను కాపాడబోయి "పండగ హడావిడిలో ఎవరో..." అని మొదలుపెట్టాడు.

"ఎవరో ఏమిటి, నేనే" అంది హనుమాయమ్మ. "నా లారీ, నా పసుపు. చిల్లు మీద పూశాను, పొరపాటే. తీశాను కదా! ఈ నలుగురు మగవాళ్ళూ పొద్దుటి నుంచి విప్పినవి విప్పుతూనే ఉన్నారు, పొరపాటని ఒక్కరైనా అన్నారా? పసుపు రాయకూడదని మీ పుస్తకంలో ఉంటే చెప్పండి, మొత్తం తుడిచేస్తాను."

శ్రీమన్నారాయణ పుస్తకం తిరగేశాడు. నిజంగానే తిరగేశాడు. "లేదమ్మా" అన్నాడు.

హులిగప్ప కిందికి దిగి, జంబన్న బిగించిన స్క్రూను ఎవరినీ అడగకుండా రెండు చుట్లు వెనక్కి తిప్పాడు. ఇంజను మజ్జిగ చిలుకుతున్నట్టు మెత్తగా తిరగసాగింది. ఒక నిమిషం, మూడు, ఏడు, పది. గొంతు మారలేదు. హులిగప్ప రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని అందరి ముఖాలూ వరసగా చూశాడు. "నేను పొద్దుటి నుంచి చెప్తానే ఉండా. ఇంజనుకేం కాలేదని చెప్తానే ఉండా!" పక్కీరప్ప దగ్గరకు వచ్చేసరికి ఇంకొంచెం గట్టిగా అన్నాడు.

ఇన్‌స్పెక్టరు ముఖంలో మెచ్చుకోలు లాంటిది కనిపించింది. "బాగుంది. ఇక ఇంజను ఆపండి. బ్రేకులు చూద్దాం."

హులిగప్ప ఎక్కి పిడి లాగాడు. పిడి చేతిలోకి వచ్చింది. దాని వెనక తీగ వచ్చింది. ఇంకా లాగాడు, ఇంకా వచ్చింది. గజం తీగ ఒళ్ళో పడింది. ఇంజను చిలుకుతూనే ఉంది.

ఆంజినప్ప రెండడుగులు వెనక్కి వేసి, ఎక్కి పోవడానికి జట్కా ఏదైనా ఉందా అని చూశాడు. "ఆ క్లిప్పు... కౌల్ బజారు మోరీలో ఉండాది" అన్నాడు సన్నగా.

"ఫరక్ తెల్సినాయన చేసిన పని సూడండి!" అన్నాడు జంబన్న ఆనందంగా.

శ్రీమన్నారాయణ కుర్చీలో కూర్చుని కలం మూత పెట్టేశాడు. "ఆగని ఇంజనుకు నేను కాగితం ఇవ్వలేను. ఈ గడి చూడండి. ఇంజను ఆపే సాధనం. ఇది ఖాళీగా వదిలి సంతకం ఎలా పెట్టేది? రేపటి నుంచి నేను హోస్పేట క్యాంపు. మళ్ళీ నెల తర్వాతే."

పాత కాగితం గడువు ఎల్లుండితో సరి. నెల రోజులు వడ్లు కళ్ళంలో ఉంచే రైతు లేడు. వెంకటప్పయ్య తల దించుకున్నాడు. "అయిపోయిందే" అన్నాడు భార్యతో. హనుమాయమ్మ ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంది. ఆమె తన బొటనవేలు వైపు చూసుకుంది. పక్కీరప్ప సుద్ద తీసి బానెట్టు మీద పెద్ద సున్నా పెట్టాడు. ఈసారి ఎవరూ అడ్డు చెప్పలేదు.

"ఆపేకి తీగే కావాల్నా సార్?" అన్నాడు హులిగప్ప సీటు మీంచి.

"మరి?"

"నేనుండాను గదా. మీరు కుంచెం పక్కకు జరగండి, సూపిస్తా. టాప్ గేరు ఏసి, బ్రేకు తొక్కి, క్లచ్చి వదుల్తా. బ్రేకు గెలిస్తే ఇంజను సస్తాది."

"ఇంజను గెలిస్తే?"

"అందుకే జరగమంటాండా."

శ్రీమన్నారాయణ లారీ మూతి వైపు చూశాడు. నాలుగు గజాలు. ఆయన కుర్చీలో ఇంకాస్త వెనక్కి ఆనుకుని కాలు మీద కాలు వేసుకున్నాడు. "నేను ఇరవై రెండేళ్ళుగా ఈ కుర్చీలోనే కూర్చుంటున్నాను. కానివ్వు. బ్రేకులు ఎలాగూ చూడాలి."

పక్కీరప్ప వేపచెట్టు వెనక్కి పోయాడు. మేస్త్రీలిద్దరూ మొదటిసారి కలిసి ఒకే వైపు పరుగెత్తారు. వెంకటప్పయ్య తన గొడుగును ఎందుకో ఇన్‌స్పెక్టరు ముందు అడ్డంగా పట్టుకున్నాడు.

హులిగప్ప గేరు వేశాడు. ఉన్న బరువంతా, యాభై ఏళ్ళ ఒళ్ళంతా బ్రేకు మీద పెట్టి నిలబడ్డట్టు తొక్కాడు. క్లచ్చి వదిలాడు. లారీ ముక్కు కిందికి వంగింది. తలుపులు, అద్దాలు, పక్క పలకలు ఒక్కసారిగా గడగడలాడాయి. బండి ఒళ్ళు రెండుసార్లు ఊగింది. బల్ల మీద సిరాబుడ్డిలో సిరా కూడా ఊగింది. తర్వాత నిశ్శబ్దం. గుట్ట మీద కాకి అరుపు స్పష్టంగా వినిపించింది.

చక్రాలు అంగుళం కదల్లేదు. శ్రీమన్నారాయణ లేచి, గొడుగు పక్కకు తప్పించి, నేల మీద చక్రాల గుర్తులు వంగి చూశాడు. "ఇరవై రెండేళ్ళలో ఇంత గట్టి బ్రేకులు చూళ్ళేదు" అని, కూర్చుని, ఒక్కో గడీ నింపసాగాడు. ఒకచోట కలం చాలాసేపు ఆగింది. హులిగప్పను పూర్తి పేరు, తండ్రి పేరు అడిగి తెలుసుకున్నాడు. రాశాడు. సంతకం పెట్టి, అద్దుడు కాగితం అద్ది, హనుమాయమ్మ చేతికిచ్చాడు.

ఆమె దాన్ని భర్తకిచ్చింది. వెంకటప్పయ్య వేలు పెట్టి వరసగా చదువుకుంటూ పోయి, ఒక గడి దగ్గర ఆగాడు. 'ఇంజను ఆపే సాధనం' అన్న చోట 'డ్రైవరు హులిగప్ప, తండ్రి పేరు భీమప్ప' అని ఉంది.

"అయ్యా, అంటే రేపు నేను ఇతన్ని మానిపించినా, బండి ఇంకొకరికి అమ్మినా..."

"కాగితం చెల్లదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు, రెండో ఫారం తీసుకుంటూ. "సాధనం బండిలోనే ఉండాలి."

దాని పక్క గడిలో, సదరు సాధనం ఏ స్థితిలో ఉన్నదో రాయవలసిన చోట, 'పాతది. పనిచేయుచున్నది' అని రాసి ఉంది.